ఒరిగిన కార్డులు

నేను చేసే ఉద్యోగం ఏమిటో మా ఇంట్లో వాళ్ళకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. బోర్డులు గీస్తుంది అని చెబుతారు. విన్నవాళ్ళు దుకాణాల మీద పేర్లు రాసే బోర్డులనుకుంటారు. మరీ తప్పేమీ కాదు. సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు కొందరు కలిసి ఒక పని మీద ఉన్నప్పుడు, ఎవరు ఏం చేస్తున్నారో ఒక్క చూపులో తెలియాలని తెర మీద ఒక బోర్డు పెట్టుకుంటారు. ఒక్కో పనికి ఒక్కో కార్డు. కార్డు మీద పని పేరు, చేసే మనిషి ఫోటో. 'చెయ్యాల్సినవి', 'జరుగుతున్నవి', 'అయినవి' అని మూడు నిలువు వరసలు. పని సాగేకొద్దీ కార్డును ఒక వరసలోంచి పక్క వరసలోకి జరుపుతారు. ఆ బోర్డును మనుషులు సులువుగా వాడుకునేలా తయారుచెయ్యడం నా ఉద్యోగం.

మూడు గీతలు గీయడానికి ఒక మనిషా అని నవ్వేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. ఆ మూడు గీతల మధ్య మనుషుల భయాలు, బడాయిలు, అలకలు అన్నీ కనిపిస్తాయి. ఎవరైనా ఒక కార్డును ముట్టుకోకుండా దాని చుట్టూ తిరుగుతుంటే, ఎందుకు తిరుగుతున్నాడో తెలిసేదాకా నాకు అన్నం సహించదు. నా కుతూహలం ఒక జబ్బు అని మా అమ్మ అంటుంది. ఆ జబ్బుకి కంపెనీ జీతమిస్తోంది కాబట్టి నేను వైద్యం చేయించుకోలేదు.

మా కంపెనీ హెడ్డాఫీసు బెంగళూరులో. కోలారు వైపు నుంచి రోజూ తెల్లవారి రైలెక్కి వచ్చేవాళ్ళు చాలామంది ఉన్నారని, వాళ్ళకోసం ఊరిగాంలో ఒక పాత బంగళా అద్దెకు తీసుకుని చిన్న ఆఫీసు తెరిచారు. బస్సు టికెట్లు అమ్మే సాఫ్ట్‌వేర్ అక్కడ నడుస్తుంది. కొన్నాళ్ళకు హెడ్డాఫీసు నుంచి ఒకటే ఫిర్యాదు: ఊరిగాం వాళ్ళు బోర్డు వాడటం లేదు. అది నేను గీసిన బోర్డు. నేను పుట్టి పెరిగిందీ ఊరిగాంలోనే. మా నాన్న అక్కడి స్కూల్లో టీచరు. నీ ఊరు, నీ బోర్డు, నువ్వే చూసి రా అన్నారు. పెట్టె సర్దుకుని మా ఇంటికే వెళ్ళాను.

మొదటి వారం నాకు తల తిరిగిపోయింది. పని జరుగుతోంది. టికెట్లు తెగుతున్నాయి, తప్పులు దిద్దుతున్నారు, సాయంత్రానికి అందరూ నవ్వుతూ ఇళ్ళకు పోతున్నారు. బోర్డు మీద మాత్రం ఏమీ కదలదు. 'జరుగుతున్నవి' వరస నిండా కార్డులు, 'అయినవి' వరస బోసిగా ఉంది. తమాషా ఏమిటంటే, కొన్ని కార్డులు తెరిచి చూస్తే లోపల పని ఎప్పుడో పూర్తయి ఉంది. పూర్తయిన పనిని అయిందని చెప్పుకోని మనుషుల్ని నేను ఎక్కడా చూడలేదు. హెడ్డాఫీసులో సగం అయినదాన్ని కూడా అయిందని జరిపేస్తారు.

తప్పు నా బోర్డులోనే ఉందనుకున్నాను. అక్షరాలు పెద్దవి చేశాను. రంగులు తగ్గించాను. కార్డు జరపడం కష్టమవుతోందేమోనని ఒక్క నొక్కుతో జరిగేలా మార్చాను. అందరూ బాగుందన్నారు. ఎవరూ నొక్కలేదు.

ఇక లాభం లేదని కుర్చీ తీసుకుపోయి వాళ్ళ వెనక కూర్చున్నాను. పనిచేసేవాళ్ళ వెనక కూర్చుని ఊరికే చూడటం నా వృత్తిలో పెద్ద విద్య. ఆ ఆఫీసులో ముగ్గురి మీద నా కళ్ళు నిలిచాయి. ఒకాయన రాయల్పాడు నుంచి వస్తాడు, ఇంటి దగ్గర మామిడితోట ఉంది. ఆయన్ని నేను మామిడితోటాయన అనుకునేదాన్ని. ఇంకొకాయన రాబర్ట్‌సన్‌పేట, తాటిచెట్టంత పొడుగు. మూడో మనిషి కామసముద్రం అమ్మాయి. ఇంట్లో తల్లి, తను. పట్టుపురుగులు పెంచుతారు. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు, ప్రొబేషన్‌లో ఉంది.

ఒక మధ్యాహ్నం పొడుగాయన తెర ముందు కూర్చుని జుట్టు పీక్కుంటున్నాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. కాసేపటికి టీ తాగడానికి బయటికి పోయాడు. ఆయన గేటు దాటాడో లేదో, కామసముద్రం అమ్మాయి తన పని ఆపి, తన కంప్యూటర్లోనే ఆయన కార్డు తెరిచింది. ఆయన ఎక్కడ ఇరుక్కున్నాడో చూసి, దిద్ది, మూసేసి మళ్ళీ తన పనిలో పడింది. ఆయన తిరిగి వచ్చి, చూసుకుని, "అయ్యో, సరిపోయిందే!" అని తనలో తాను అనుకున్నాడు. ఆ పిల్ల తల కూడా ఎత్తలేదు.

సాయంత్రం వరండాలో పట్టుకున్నాను. "ఏమ్మా, ఆ పని నువ్వే చేసినావు కదా?"

"సుమ్నె, ఊరికే కొంచెం చూసినానక్కా, అంతే."

"మరి అయినట్టు కార్డు జరపలేదేం?"

నేనేదో అనకూడని మాట అన్నట్టు చూసింది. "అది ఆయన కార్డు కదక్కా. మనం చెయ్యిపెట్టేది వేరే, ఇదిగో అయిపోయిందని మనమే చాటేది వేరే. ఆయనే చూసుకోని జరుపుకోవల్ల."

ఆయనకేమో అది పూర్తిగా అయిందో, ఇంకా ఎవరైనా చూస్తున్నారో తెలియదు. అడగడానికి మొహమాటం. కాబట్టి కార్డు అక్కడే ఉంటుంది. తర్వాత గమనిస్తే ఆ ఆఫీసులో అందరూ అంతే. ఒకరి పనిలో ఒకరు చెయ్యి వేస్తారు, చెప్పుకోరు. పల్లెల్లో ముయ్యాళ్ళని ఉంటుంది. ఈరోజు మా చేలోకి మీరొస్తే రేపు మీ చేలోకి మేమొస్తాం, కూలి లేదు, లెక్క లేదు. వీళ్ళు ఆ పద్ధతిని తెలియకుండానే సాఫ్ట్‌వేర్‌లోకి తెచ్చేశారు. నాకు భలే సరదా వేసింది.

ఆ సరదా ఎక్కువ రోజులు నిలవలేదు. హెడ్డాఫీసులో ఈ ఆఫీసును చూసుకునే మేనేజరు ఫోన్ చేశాడు. కోస్తా వైపు మనిషి, మర్యాదగా మాట్లాడతాడు. "ఆ కామసముద్రం అమ్మాయి ప్రొబేషన్ నెలాఖరుకి అయిపోతుందండీ. బోర్డు మీద చూస్తే ఆవిడ చేసిందంటూ ఏమీ లేదు. ఆవిడ కార్డులే అన్నిటికంటే ఆలస్యం. ఉంచమని నేను పైవాళ్ళకి ఏం చూపించి చెప్పను?" అన్నాడు.

ఆఫీసులో అందరికంటే ఎక్కువ పనిచేసే పిల్ల, నేను గీసిన బోర్డు మీద ఏమీ చెయ్యనట్టు కనిపిస్తోంది. ఆ అమ్మాయికి చెప్పాను. తను అంది: "ఉద్యోగం పోతే ఇంగ బెంగళూరు హాస్టలే అక్కా. నేను లేకపోతే పొద్దున్నే ఆకు కోసేది ఎవరు? అమ్మ ఒక్కతే చేయలేదు. పురుగు ఆపేయల్ల. ఈ ఉద్యోగం ఉండాదనే పురుగు కూడా ఉండాది."

నేను ఆవేశంగా ఆ రోజే ఒక మార్పు చేశాను. ప్రతి కార్డు కింద 'సాయం చేసినవారు' అని ఒక గడి పెట్టాను. ఎవరు చెయ్యి వేస్తే వాళ్ళు తమ ఫోటో అక్కడ పెట్టుకోవచ్చు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక్కరు కూడా ఆ గడి నింపలేదు. సరే, మీరు పెట్టుకోకపోతే బోర్డే పెడుతుందని, కార్డు తెరిచి పనిచేసిన వాళ్ళ ఫోటో దానంతట అదే వచ్చేలా చేశాను. ఆ మరుసటి రోజు ఆఫీసులో ఎవరూ ఎవరి కార్డూ తెరవలేదు. పొడుగాయన మళ్ళీ జుట్టు పీక్కున్నాడు. అందరూ చూశారు, ఎవరూ కదలలేదు.

కామసముద్రం అమ్మాయే నా దగ్గరికొచ్చింది. "ఆ ఫోటోలు తీసేయక్కా."

"నీకోసమే పెట్టినాను తల్లీ! నీ ఉద్యోగం నిలబడల్ల కదా?"

"తెలుసక్కా. మా ఇంటికి పురుగు ఏరను వచ్చినోళ్ళ పేర్లు గోడ మీద రాస్తే, ఇంగోసారి ఎవరొస్తారు? రానోళ్ళ పేరు కూడా లేదని తెలిసిపోతాది కదా. వాళ్ళకి ఆ పొద్దు ఏం కష్టమో ఏమో."

నాకు కోపం వచ్చింది. నీ మంచికే చేస్తుంటే నాకే సుద్దులు చెబుతావా అనుకున్నాను. కానీ ఆ చివరి మాట మనసులోంచి పోలేదు. సాయం చూపించే బోర్డు, సాయం చెయ్యని వాళ్ళనూ చూపిస్తుంది. అది నేను ఆలోచించలేదు. ఫోటోలు తీసేశాను. మర్నాటికి అందరూ మళ్ళీ మామూలుగా మెసిలారు.

ఆ ఆదివారం వాళ్ళింట్లో పురుగు పండుతుందని చెప్పింది. చూడటానికి వస్తానన్నాను. ఆ పిల్ల పిలవలేదు, నేనే బయలుదేరాను. సెంటు రాసుకోవద్దు, పురుగుకి పడదు అని మాత్రం ఫోన్‌లో హెచ్చరించింది.

పండిన పురుగు ఆకు తినడం మానేసి, పసుపు రంగు తిరిగి, తల పైకెత్తి అటూ ఇటూ వెతుకుతుంది. అప్పుడు దాన్ని ఏరి చంద్రిక మీద వెయ్యాలి. చంద్రిక అంటే వెదురు తడక మీద చుట్లు చుట్లుగా అల్లిన పెద్ద పళ్ళెం, పురుగు అందులో గూడు కట్టుకుంటుంది. ఆలస్యమైతే ఆకులోనే కట్టేస్తుంది, పంట పాడవుతుంది. ఇద్దరు మనుషుల వల్ల అయ్యే పని కాదు. వాళ్ళు ఎవరినీ పిలిచినట్టు నాకు కనిపించలేదు. అయినా నేను వెళ్ళేసరికి పురుగుల ఇంట్లో ఆడా మగా అరడజను మందికి పైనే ఉన్నారు, కాళ్ళు కడుక్కుని, పురుగుకి రోగం అంటకుండా బ్లీచింగ్ పొడి తొక్కి లోపలికి పోయి, చకచకా ఏరుతున్నారు.

"అందరికీ చెప్పి వచ్చినారా అమ్మా?" అని తల్లిని అడిగాను.

"చెప్పేదేముండాది? నిన్న చంద్రికలు కడిగి గోడకి ఆనిచ్చినాను కదా, ఎండకి. దారిన పొయ్యేటోళ్ళు చూస్తారు. వీళ్ళింట్లో రేపు పురుగు పండుతాదని తెలుస్తాది. తీరినోళ్ళు వస్తారు."

"తీరనోళ్ళు?"

"తీరకపోతే చూడనట్టు పోతారు. దాంట్లో ఏముండాది?" అని నవ్వింది.

నేను అక్కడే నిలబడిపోయాను. ఆ చంద్రికలు ఎవరి పేరునా లేవు. ఎవరినీ రమ్మనలేదు. ఎవరొచ్చారో రాసిపెట్టలేదు. ఇక్కడ పనుంది అని మాత్రం చెప్పాయి. నేను ఇన్నాళ్ళూ బోర్డు మీద మనిషి చేసిన పనిని చూపించాలని కొట్టుకుంటున్నాను. చూపించాల్సింది చేతులు ఎక్కడ కావాలో అనే సంగతి. తట్టగానే నాకు ఎంత సంతోషం వేసిందంటే, అక్కడున్న వాళ్ళకి చెప్పబోయి, ఎలా చెప్పాలో తెలియక, నేను కూడా పురుగులు ఏరడం మొదలుపెట్టాను. రెండు నేల మీద పడేశాను. తల్లి నా చేతిలోంచి బుట్ట మెల్లగా తీసుకుంది.

సోమవారం కొత్త బోర్డు గీశాను. కొన్నాళ్ళు కదలని కార్డు, లేదా ఎన్నిసార్లు తెరిచినా ముందుకు పోని కార్డు, దానంతట అదే కొంచెం పక్కకి ఒరుగుతుంది. గోడకి ఆనించినట్టు. అంతే. మొదట దానికి ఎర్ర రంగు వేశాను. వెంటనే మామిడితోటాయన గబగబా తన కార్డును దాచే దారి వెతికాడు. "తప్పు చేసినట్టు ఉండాదమ్మా," అన్నాడు. ఎరుపు తీసేశాను. కార్డు తన రంగులోనే ఉంటుంది, ఒరిగి ఉంటుంది. ఎవరైనా చెయ్యి వేసి పని ముందుకు జరిగితే మళ్ళీ నిటారుగా నిలుస్తుంది. ఎవరు నిలబెట్టారో బోర్డు చెప్పదు. ఒకప్పుడు ఒరిగి లేచిందని తెలిసేలా మూలన ఒక సన్నటి గీత మాత్రం ఉంచాను. పని ముగిశాక 'ఇది మీరు చూసుకోండి' అని కార్డు సొంతదారుకి ఒక కబురు పోతుంది, పక్క వరసలోకి జరిపే హక్కు ఆయనదే.

కామసముద్రం అమ్మాయిని పిలిచి చూపించాను. గీతను చాలాసేపు చూసింది. "పేర్లు లేవు కదా?" అంది. లేవన్నాను. "అయితే సరే అక్కా."

ఆ వారం చూడాలి. కార్డు ఒరగడం, ఎవరో ఒకరు చూడనట్టే చూసి పోయి తెరవడం, అది నిలబడటం. 'అయినవి' వరస నిండసాగింది. నా బోర్డు ఒకటి అంత చక్కగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. కానీ అసలు సంగతి మారలేదు. ఆ పిల్ల పేరున ఉన్న కార్డు ఒకటి, వేరేవాళ్ళ పనుల్లో తిరుగుతూ తనదాన్ని పక్కన పెట్టడంతో, ఒరిగే ఉంది. మేనేజరు నెలాఖరు సమీక్ష పెట్టాడు. పేర్లు వద్దన్న పిల్లకి ఇచ్చిన మాట తప్పలేను. చెప్పకపోతే ఆ పిల్ల పోతుంది.

సమీక్ష రోజు గోడ మీది పెద్ద తెరలో ఒక పక్క మేనేజరు మొహం, ఒక పక్క బోర్డు. ఆయన చాలాసేపు బోర్డునే చూశాడు. "బాగుందండీ. ఈ మూలన గీతలేంటి?"

"ఆ కార్డులు ఒకప్పుడు ఇరుక్కుపోయి, మళ్ళీ కదిలినాయని గుర్తు సార్," అన్నాను.

"ఓహో. మరి ఎలా కదిలాయి?" ఆయన గొంతులో నిజంగానే కుతూహలం ఉంది. నా జబ్బే ఆయనకీ ఉందని అప్పుడు తెలిసింది. పొడుగాయన కార్డు మీద బాణం పెట్టాడు. "ఇది ఎవరు కదిపారు?"

పొడుగాయన గొంతు సవరించుకున్నాడు. "నేనే సార్. చూసుకున్నాను."

నాకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఆ పిల్ల మాత్రం బల్ల వైపు చూస్తూ కూర్చుంది, మొహంలో ఏ మార్పూ లేదు. లేచి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. మింగాను.

మేనేజరు తర్వాతి కార్డుకి పోయాడు. అది మామిడితోటాయనది. ఆయన తొణకలేదు. "దాన్ని లేపింది ఆ పాప సార్. నేను తోటకి మందు కొట్టను పోయిండాను, వచ్చి చూస్తే అయిపోయిండాది. ఆమె చెప్పలేదు, చెప్పదు కూడా. చేయించుకున్నోణ్ణి నేను, నేను చెప్పవచ్చు."

ఇంకో కార్డు. మూల కూర్చున్న ఒకామె "నాదీ ఆ అమ్మాయే సార్" అంది. ఇంకొకటి. మళ్ళీ అదే మాట. అప్పుడు పొడుగాయన లేచి నిలబడ్డాడు, చెవులు ఎర్రగా ఉన్నాయి. "సార్, ఒక నిమిషం. ఇందాక చెప్పింది కాదు. నా దానికి కూడా ఆమే వచ్చింది. ఒకసారి కాదు."

మేనేజరు బాణం మెల్లగా జరుగుతూ వెళ్ళి ఆ పిల్ల సొంత కార్డు మీద ఆగింది. ఒరిగి ఉన్న ఒకే ఒక్క కార్డు. "మీ పని వదిలేసి వాళ్ళందరి పనీ ఎందుకు చేశారమ్మా?"

"నాది ఆగుతాది సార్," అంది ఆ పిల్ల. "వాళ్ళది ఆ పొద్దే కావాల్సి ఉండె."

ఆయన ఇంకేదో అడగబోయి ఆగిపోయాడు. మా అందరి కళ్ళ ముందే తెర మీద ఆ కార్డు మెల్లగా లేచి నిటారుగా నిలబడింది. నేను చుట్టూ చూశాను. పొడుగాయన తన కంప్యూటరు మీదికి వంగి ఉన్నాడు, ఎవరి వైపూ చూడటం లేదు.

"సరేనండీ," అన్నాడు మేనేజరు. "ఈ అమ్మాయి ఉంటుంది. పైవాళ్ళకి ఏం చెప్పాలో నాకు తెలిసింది."

ఆ పిల్ల ఏడవలేదు, నవ్వలేదు. ఏడ్చింది నేను. తను ఫోన్ తీసుకుని వరండాలోకి పోయింది. నా బుద్ధి పోనిస్తానా, తలుపు దగ్గరికి పోయి చెవి పెట్టాను. ఉద్యోగం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "అమ్మా, ఇంగో పంటకి పురుగు కావల్లని చెప్పి పెట్టు," అంది.